కారు స్పీకర్లలో గరగర, గుయ్‌మనే మోత: స్పీకర్ మార్చే ముందు ఇలా వెతకండి

కంపెనీ నుంచి వచ్చిన స్టీరియో కొన్నాళ్లు బాగానే పాడుతుంది, ఆ తర్వాత ఏదో ఒక చప్పుడు మొదలవుతుంది. పాట వెనకాల గుయ్‌మని సన్నటి మోత, బేస్ వచ్చినప్పుడల్లా డోర్‌లో గరగర, గుంతలో పడగానే చిటపట. చాలామంది వెంటనే స్పీకర్లు మార్పించేస్తారు. దయచేసి ఆ పని అన్నిటికంటే చివర పెట్టుకోండి. స్పీకర్ తనకు ఏది అందితే అదే వినిపిస్తుంది, కాబట్టి చప్పుడు అక్కడి నుంచి వస్తోందని తప్పు కూడా అక్కడే ఉందనుకోకూడదు. ఎర్త్ వైరులో ఉండొచ్చు, ఫోన్ ఛార్జర్‌లో ఉండొచ్చు, డోర్ ప్యాడ్ క్లిప్పు ఒకటి ఊడి ఉండొచ్చు. కొత్త స్పీకర్లు బిగించాక కూడా అదే మోత వస్తే డబ్బు పోతుంది, విప్పి బిగించడంలో క్లిప్పులు విరుగుతాయి, అసలు సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. ఒక మల్టీమీటర్, స్క్రూ డ్రైవర్లు, డోర్ ప్యాడ్ ఊడదీయడానికి ప్లాస్టిక్ ట్రిమ్ టూల్, ఒక పెన్సిల్ సెల్, రెండు వైరు ముక్కలు, ఒక చుట్ట క్లాత్ టేపు. మొదటి రెండు దశలకు ఇవి కూడా అక్కర్లేదు, చెవులు చాలు.

మొదటి దశ: చప్పుడు ఎప్పుడు వస్తోందో పట్టుకోండి

బండిని గాలి ఆడే ఖాళీ చోట ఆపండి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. అద్దాలు ఎక్కించి, ఏసీ ఫ్యాన్ ఆపేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్టీరియో మాత్రం ఆన్ చేయండి. వాల్యూమ్ సున్నాకి తెచ్చి వినండి, తర్వాత మెల్లగా పెంచుతూ వినండి. ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయండి. హ్యాండ్ బ్రేక్ వేసి న్యూట్రల్‌లో (ఆటోమేటిక్ అయితే పార్క్‌లో) ఉంచి, ఆక్సిలరేటర్ కొద్దిగా తొక్కి ఆర్‌పీఎం రెండువేలు దాటించి వదలండి. మోత స్థాయి ఇంజిన్‌తో పాటు పైకి లేచి కిందికి దిగుతోందా లేక ఎప్పుడూ ఒకేలా ఉందా అన్నది జాగ్రత్తగా గమనించండి, ఎందుకంటే ఈ ఒక్క తేడాతో సగం అనుమానాలు తీరిపోతాయి.

ఆ తర్వాత ఒక్కో సోర్సూ మార్చి చూడండి. ఎఫ్‌ఎం, యూఎస్‌బీ, బ్లూటూత్, ఆక్స్ కేబుల్, మీ కారులో ఏవుంటే అవి. ఒక్క సోర్సులోనే చప్పుడు వస్తుంటే స్పీకర్లకు, వాటి వైరింగుకు దాదాపు సంబంధం లేదు, గొడవంతా ఆ సోర్సుదే. అన్నిట్లోనూ వస్తే హెడ్ యూనిట్ (డాష్‌బోర్డులో ఉండే స్టీరియో డబ్బా) నుంచి ముందుకు వెతకాలి. వాల్యూమ్ సున్నాలో ఉన్నా మోత తగ్గకపోతే అది వాల్యూమ్ కంట్రోల్ దాటాక, అంటే యాంప్లిఫయర్ దగ్గరో స్పీకర్ వైర్ల దగ్గరో చేరుతోంది. వాల్యూమ్‌తో పాటు పెరుగుతుంటే పాటతో కలిసే లోపలికి వస్తోంది.

ఇదంతా ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి చప్పుడు మాయమవడం మామూలే, అప్పుడు ఈ రికార్డు పనికొస్తుంది.

రెండో దశ: ఏ స్పీకరో తేల్చండి

సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్, ఫేడర్ ఉంటాయి. వాటితో శబ్దాన్ని ముందు ఎడమకు, ముందు కుడికి, వెనక ఎడమకు, వెనక కుడికి ఒక్కోసారి ఒక్క మూలకే పంపి వినండి. ఒకే మూల నుంచి వస్తే ఆ డోరు, ఆ స్పీకరు, దాని వైరు వరకే చూసుకుంటే సరిపోతుంది. నాలుగు మూలలా వస్తుంటే నాలుగు స్పీకర్లూ ఒకేసారి పాడవడం జరగని పని, కాబట్టి డోర్ల జోలికి అసలు పోవద్దు.

ఇక్కడే ఈక్వలైజర్ కూడా చూడండి. బేస్, ట్రెబుల్ అన్నీ సున్నాకి తెచ్చి, బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ ఆపేసి అదే పాట వినండి. కంపెనీ హెడ్ యూనిట్లలోని యాంప్లిఫయర్ చిన్నది. బేస్ చివరిదాకా పెంచి వాల్యూమ్ కూడా పెంచితే అది మోయలేక శబ్దాన్ని నరికేస్తుంది, మనకది స్పీకర్ చిరిగినట్టు వినిపిస్తుంది. అలాగే రోజుల తరబడి నడిపితే స్పీకర్ నిజంగానే పోతుంది.

ఇంజిన్‌తో పాటు పెరిగే మోత

ఆక్సిలరేటర్ తొక్కితే కీచుగా పైకి లేచే మోతకు మూలం చాలాసార్లు ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే యంత్రం. అది తయారుచేసేది ఏసీ కరెంటు, లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఆ మార్పులో మిగిలిపోయే చిన్న అలల్ని బ్యాటరీ, హెడ్ యూనిట్‌లోని ఫిల్టర్లు మింగేస్తాయి. అలలు మరీ పెద్దవైనా, ఎర్త్ సరిగా లేకపోయినా, అవి పాటలోకి దూరతాయి.

అయితే ఆల్టర్నేటర్ జోలికి వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఛార్జర్ సాకెట్లో ఉన్నవన్నీ పీకేయండి. ఫోన్ ఛార్జర్, డాష్‌క్యామ్, గాలి పంపు, అన్నీ. ఫోన్‌ని ఛార్జింగ్‌లో పెట్టి అదే ఫోన్ నుంచి ఆక్స్ కేబుల్ ద్వారా పాటలు వింటుంటే మోత రావడం సర్వసాధారణం, ఎందుకంటే ఫోన్‌కి అప్పుడు రెండు ఎర్త్ దారులు ఏర్పడతాయి, ఒకటి ఛార్జర్ ద్వారా, ఇంకొకటి ఆక్స్ కేబుల్ ద్వారా, ఆ రెండిటి మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ తేడాయే చప్పుడుగా వినిపిస్తుంది. ఛార్జర్ పీకగానే మోత ఆగిపోయిందా? అయితే మీ పని అయిపోయినట్టే. బ్లూటూత్‌లో వినండి, లేదా స్టీరియోకే ఉన్న యూఎస్‌బీలో ఫోన్ పెట్టండి. ఆక్స్ తప్ప వేరే దారి లేని పాత సిస్టమ్ అయితే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, కేబుల్ మధ్యలో పెడితే సరిపోతుంది. చవక రకంలో బేస్ కొంచెం పలచబడుతుంది, అందుకే నేనైతే దాన్ని ఆఖరి మార్గంగానే చూస్తాను.

సాకెట్లు ఖాళీగా ఉన్నా మోత వస్తుంటే మల్టీమీటర్ తీయండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద డీసీ వోల్టేజీ చూడండి, మామూలుగా 13.5 నుంచి 14.7 మధ్య ఉంటుంది (కొత్త బండ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి అంకె అటూ ఇటూ అయినా కంగారుపడొద్దు). ఇప్పుడు మీటర్‌ని ఏసీ వోల్టుల రేంజ్‌కి మార్చి, హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేసి మళ్లీ చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఆల్టర్నేటర్ శుభ్రంగా ఉన్నట్టు. 0.5 దాటితే డయోడ్ పోయిందన్న అనుమానం గట్టిదే, ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఒక చిన్న జాగ్రత్త: కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజ్‌లో డీసీని కూడా లెక్కేసి తప్పుడు అంకె చూపిస్తాయి. ఇంజిన్ ఆపి, ఏసీ రేంజ్‌లోనే బ్యాటరీ చూడండి. అప్పుడు కూడా పెద్ద అంకె వస్తే ఆ మీటర్ ఈ పరీక్షకు పనికిరాదు.

ఆల్టర్నేటర్ బాగుంటే ఎర్త్ చూడాలి. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి వెళ్లే మందపాటి వైరు లూజుగా ఉందేమో, టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుందేమో చూసి శుభ్రం చేయండి. హెడ్ యూనిట్ బయటికి తీయగలిగితే మీటర్ ఒక కొన దాని ఎర్త్ వైరుకి, రెండో కొన బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఇంజిన్, స్టీరియో రెండూ నడుస్తుండగా డీసీ వోల్టేజీ చూడండి. 0.1 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో లూజ్ కాంటాక్టో ఉంది. ఎర్త్ బోల్టు విప్పి, పెయింటు, తుప్పు గీకి, మెరిసే ఇనుము కనిపించాక పళ్లున్న వాషర్ వేసి బిగించండి. స్టీరియోకి మీరెప్పుడైనా విడిగా యాంప్లిఫయర్ గానీ, రివర్స్ కెమెరా గానీ పెట్టించి ఉంటే ముందు వాటి ఎర్త్ చూడండి, కంపెనీ వైరింగ్ కంటే తర్వాత చేసిన పనిలోనే తప్పులు ఎక్కువ దొరుకుతాయి.

ఎలక్ట్రిక్ కారులో ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్ ఉంటుంది, ఎర్త్, ఛార్జర్ పరీక్షలు మాత్రం ఇవే. నారింజ రంగు కేబుళ్లు ఎక్కడ కనిపించినా ముట్టుకోవద్దు, వాటిలో ఉండేది ప్రాణాంతకమైన వోల్టేజీ.

ఎఫ్‌ఎంలో మాత్రమే వచ్చే చిటపట

ముందు యాంటెన్నా చేత్తో బిగించి చూడండి, కార్ వాష్‌లో వదులై ఉండొచ్చు. దాని కింద రబ్బరు చీలి నీళ్లు దిగినా ఇదే గొడవ. తర్వాత మీరు కొత్తగా పెట్టినవి ఒక్కోటీ ఆపి వినండి: డాష్‌క్యామ్, చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫాస్ట్ ఛార్జర్. ఇవన్నీ లోపల కరెంటును సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ పనిచేస్తాయి, సరిగా కవచం లేకపోతే ఆ రొద రేడియోలోకి వచ్చేస్తుంది. డాష్‌క్యామ్ వైరుని యాంటెన్నా వైరుకి దూరంగా తిప్పడం, వైరు మీద ఫెరైట్ క్లిప్ (రొదను ఆపే చిన్న బిళ్ల లాంటిది) వేయడం చాలాసార్లు సరిపోతుంది. పెట్రోల్ బండిలో ఇంజిన్ వేగంతో పాటు టిక్‌టిక్‌మనే చప్పుడు పెరుగుతుంటే అది స్పార్క్ ప్లగ్గుల నుంచి. రేడియోకి అడ్డం రాకుండా ప్లగ్గుల లోపల ఒక రెసిస్టర్ ఉంటుంది, అది లేని ప్లగ్గులు వేసినా, పాత ప్లగ్ వైర్లు చీలినా ఈ టిక్‌టిక్ మొదలవుతుంది. కంపెనీ చెప్పిన రకం ప్లగ్గులే వేయించండి.

ఎప్పుడూ ఒకేలా ఉండే బుస్‌మనే శబ్దం

బ్లూటూత్‌లోనో ఆక్స్‌లోనో వింటున్నప్పుడు ఫోన్ వాల్యూమ్ తక్కువ పెట్టి స్టీరియో వాల్యూమ్ బాగా పెంచితే పాటతో పాటు బుస కూడా పెద్దదవుతుంది. తిరగేయండి: బ్లూటూత్‌లో ఫోన్ వాల్యూమ్ పూర్తిగా, ఆక్స్‌లో పూర్తి కంటే ఒకటి రెండు గీతలు తక్కువగా పెట్టి, మిగతాది స్టీరియోతో సర్దుకోండి. అంతే.

డోర్‌లో గరగర: ఓపిక కావలసింది ఇక్కడే

బేస్ వచ్చినప్పుడు ఒక డోర్ గరగరలాడితే అందరికీ మొదట వచ్చే అనుమానం స్పీకర్ చిరిగిందని. కానీ చాలాసార్లు అదురుతున్నది స్పీకర్ చుట్టుపక్కల ఉన్న ప్లాస్టిక్కో రేకో. ఆ రెండిటినీ విడదీసి చూసే పద్ధతి ఇది.

డోర్ పాకెట్ మొత్తం ఖాళీ చేయండి. చిల్లర, నీళ్ల సీసా, పార్కింగ్ రసీదులు, ఏదీ ఉండకూడదు. ఫోన్‌లో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ ఒకటి తెచ్చుకోండి, ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. ఇంజిన్ ఆపి, మధ్యస్థ వాల్యూమ్‌లో ఆ టోన్ నడపండి. వాల్యూమ్ మరీ పెంచి నిమిషాల తరబడి నడపొద్దు, ఆగకుండా వచ్చే టోన్‌కి స్పీకర్ లోపలి కాయిల్ (తీగ చుట్ట) వేడెక్కి కాలిపోతుంది. ఏదో ఒక స్థాయి దగ్గర గరగర గట్టిగా వస్తుంది, టోన్‌ని అక్కడే ఆపి, అరచేత్తో డోర్ ప్యాడ్‌ని చోటుకొక్కసారి నొక్కుతూ వెళ్లండి. స్పీకర్ జాలీ, విండో స్విచ్ ప్లేటు, హ్యాండిల్ చుట్టూ, ప్యాడ్ కింది అంచు, అద్దం దగ్గరి మూల. నొక్కగానే చప్పుడు చటుక్కున ఆగిపోయిన చోటే దొంగ ఉన్నాడు. ఎక్కడ నొక్కినా ఆగకపోతే అద్దం సగం దించి వినండి, ఒక్కోసారి అదిరేది అద్దమే. సీట్ బెల్ట్ బకిల్ పక్కనున్న ప్లాస్టిక్‌ని కొట్టుకోవడం, వెనక నంబర్ ప్లేటు డిక్కీ రేకుకి తగిలి అదరడం కూడా డోర్ చప్పుడులాగే మోసం చేస్తాయి.

ప్యాడ్ విప్పక తప్పదనుకుంటే ఇంజిన్ ఆపి, కీ తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. కొన్ని పాత స్టీరియోలు బ్యాటరీ తీస్తే మళ్లీ కోడ్ అడుగుతాయి, ఆ కోడ్ మీ దగ్గరుందో లేదో ముందే చూసుకోండి. పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని కదపొద్దు. స్క్రూలు హ్యాండిల్ లోపలి చిన్న మూత కింద, ఆర్మ్‌రెస్ట్ గుంటలో దాక్కుని ఉంటాయి. అన్నీ తీశాక ట్రిమ్ టూల్‌ని కింది అంచులో దూర్చి ఒక్కో క్లిప్పూ టప్ టప్‌మని వదిలేలా లాగండి, చివర్లో ప్యాడ్‌ని పైకెత్తితే అద్దం అంచు నుంచి బయటికి వస్తుంది. ఒక్కసారిగా గుంజొద్దు, వెనకాల లాక్ కేబులూ స్విచ్ వైర్లూ తగిలించి ఉంటాయి.

లోపల నల్లటి జిగురుతో అంటించిన పల్చటి ప్లాస్టిక్ షీటు కనిపిస్తుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి. వాన నీళ్లు అద్దం పక్క నుంచి డోర్ లోపలికి దిగడం సహజమే, కింద రంధ్రాల నుంచి అవి బయటికి పోతాయి, ఆ నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది ఈ షీటే. గతంలో ఎవరో డోర్ పని చేసి సరిగా అంటించకపోతే బేస్‌కి రెపరెపలాడుతుంది. కొన్ని కార్లలో ముందు డోర్ లోపల గాలి ఒత్తిడిని చూసి ఎయిర్‌బ్యాగ్‌కి సంకేతమిచ్చే సెన్సర్ ఉంటుంది, ఆ లెక్కన కూడా షీటు మూసి ఉండటం ముఖ్యం. చిరిగితే అతికించండి, జిగురు ఎండిపోతే బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరు జిగురు టేపు) వేయండి. కింది రంధ్రాల్లో మట్టి ఉంటే తీసేయండి.

ఇక వైరు గుత్తులు, లాక్ రాడ్లు రేకుకి తగిలే చోట క్లాత్ టేపు చుట్టండి. విరిగిన క్లిప్పులు పారేసి కొత్తవి వేయండి, జిగురుతో సరిపెట్టొద్దు. స్పీకర్ స్క్రూలన్నీ బిగుతుగా ఉన్నాయా, దాని కింది ఫోమ్ రింగు పొడిపొడి అయిపోయిందా అని కూడా చూడండి.

స్పీకరే పోయిందా?

ప్యాడ్ తీసి ఉండగానే తేల్చేసుకోండి. కప్లర్ ఊడదీసి, రెండు చేతుల వేళ్లూ కోన్ (స్పీకర్ ముందు కదిలే గరాటు లాంటి పొర) మధ్యలో చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలండి. మెత్తగా, చప్పుడు లేకుండా కదలాలి. లోపల ఇసుక రాసుకున్నట్టు అనిపిస్తే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది, ఇనుప రజను దూరిందో కాయిల్ కాలి వంకరపోయిందో, దానికి రిపేరు లేదు. కోన్ అంచు చుట్టూ టార్చి వేసి చీలిక కోసం వెతకండి. చిన్న చీలికైతే ఆరాక సాగే గుణమున్న రబ్బరు జిగురు పల్చగా పూస్తే కొన్నాళ్లు నడుస్తుంది.

తర్వాత మీటర్‌తో రెండు టెర్మినళ్ల మధ్య ఓములు చూడండి. 4 ఓముల స్పీకర్ మీటర్ మీద 3, 4 మధ్య చూపిస్తుంది, అది తప్పు కాదు. అవతలి డోర్ స్పీకర్‌తో పోల్చి చూస్తే ఇంకా నమ్మకం. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగింది. ట్వీటర్లకి (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లకి) మాత్రం ముందు ఒక కెపాసిటర్ ఉంటుంది, దానివల్ల మీటర్ ఏమీ చూపించదు, పాడైందనుకోకండి. పెన్సిల్ సెల్‌కి రెండు వైర్లు పెట్టి స్పీకర్ టెర్మినళ్లకి ఒక్క క్షణం తాకించండి, టప్‌మని శుభ్రంగా మోగి కోన్ కదిలితే కాయిల్ బతికే ఉంది. మార్చాల్సి వస్తే ఓములు అవే ఉన్నది తీసుకోండి. అంతకంటే తక్కువ ఓముల స్పీకర్ పెడితే యాంప్లిఫయర్ వేడెక్కుతుంది. బిగించే ముందు అద్దం పూర్తిగా దించి కొత్త స్పీకర్ అయస్కాంతానికి తగలట్లేదని చూసుకోండి.

డోర్ తెరిచినప్పుడు వచ్చిపోయే చిటపట

పాట పెట్టి డోర్‌ని నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ ఉండండి. ఒక కోణంలో స్పీకర్ ఆగిపోయి మళ్లీ వస్తుంటే డోర్‌కీ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో వైరు తెగింది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు తెగుతాయి, పైన తొడుగు బాగానే కనిపిస్తుంది. తెగిన చోట కొంచెం పొడవు ఎక్కువుండేలా కొత్త ముక్క కలిపి, టంకం వేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడిగించాలి. అతుకు వంగే చోట కాకుండా పక్కకి ఉండాలి, లేకపోతే అక్కడే మళ్లీ తెగుతుంది. కప్లర్ పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు పెట్టి తీయండి.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. స్పీకర్ నెగటివ్ వైరుని ఎప్పుడూ బాడీకి ఎర్త్ చేయొద్దు. ఇప్పటి హెడ్ యూనిట్లలో స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది, ఒకటి బాడీకి తగిలితే లోపలి ఐసీ (యాంప్లిఫయర్ చిప్పు) తనను కాపాడుకోవడానికి శబ్దం ఆపేస్తుంది లేదా కాలిపోతుంది. పొట్టు ఊడిన స్పీకర్ వైరు రేకుకి తగులుతున్నా ఇదే ప్రమాదం, చిటపటకి ఒక కారణం కూడా అదే.

స్టీరియో ఆపినా మోగుతుంటే

కొన్ని కార్లలో ఇంజిన్ రొదని తగ్గించడానికి పైకప్పులో మైకులు పెట్టి స్పీకర్ల ద్వారా ఎదురు శబ్దం పంపే ఏర్పాటు ఉంటుంది. స్టీరియో ఆపినా అది నడుస్తూనే ఉంటుంది. మైకు పాడైనా, పైకప్పు పని చేసినప్పుడు మైకు కదిలినా, క్యాబిన్ అంతా బూమ్‌మని బరువైన మోత వస్తుంది. మీ కారు మాన్యువల్‌లో ఈ ఏర్పాటు ఉందేమో చూడండి. ఉంటే ఇది ఇంట్లో చేసే పని కాదు, సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. సీటు కిందో డిక్కీలోనో విడిగా కంపెనీ యాంప్లిఫయర్ ఉండి, దానికి నీళ్లు తగిలిన గుర్తులు కనిపించినా అంతే.

వారంటీ ఉన్న బండి అయితే ఒక్క వైరు కూడా కోయొద్దు. మీరు తీసిన రికార్డు వినిపించి, ఏ మూల స్పీకరు, ఏ సోర్సు, ఇంజిన్ ఆన్‌లోనా ఆఫ్‌లోనా, వాల్యూమ్ సున్నాలో కూడా వస్తుందా అన్న నాలుగు సంగతులూ జాబ్ కార్డు మీద రాయించండి. "స్పీకర్ సౌండ్ ప్రాబ్లం" అని మాత్రం రాస్తే మీటర్ పెట్టకుండానే బండి తిరిగొచ్చేస్తుంది.